గుమ్మడికాయ కొట్టాక

షూటింగ్ ఆఖరి రోజున గుమ్మడికాయ కొట్టేశారంటే సినిమా అయిపోయినట్టేనని బయటివాళ్ల లెక్క. హీరో తర్వాతి పాత్రకి గడ్డం పెంచడం మొదలుపెడతాడు. నిర్మాత రిలీజ్ తేదీ వేసి పోస్టర్ వదులుతాడు. సౌండ్ వాళ్లకి అసలు పని మొదలయ్యేది అప్పుడే. ఎడిటింగ్ గదిలోంచి బొమ్మ వాళ్ల చేతికి రావడం ఆలస్యమైతే అవుతుంది గానీ, రిలీజ్ తేదీ మాత్రం జరగదు. ఆ మధ్య మిగిలిన నాలుగు రోజుల్లోనే మాటలు, అడుగుల చప్పుళ్లు, గాలి, తుపాకులు, నేపథ్య సంగీతం అన్నీ ఒకదానితో ఒకటి పేచీ పడకుండా సర్దుకోవాలి. ఇంతా చేసి, ఆ పేర్లు తెరమీదికి ఎక్కేసరికి జనం పార్కింగ్‌లో బళ్లు తీస్తుంటారు.

అలా ఎవరూ చదవని పేర్లలో, ఇప్పుడు మన మధ్య లేనివాళ్లని తలుచుకుని ఈ ఉపన్యాసం మొదలుపెట్టడం న్యాయం. చెన్నైలో ఏ.ఆర్. రెహమాన్ సంగీతం వెనుక సౌండ్ ఇంజినీరుగా నిలిచిన హెచ్. శ్రీధర్ పేరు ముందు చెప్పుకోవాలి. 'మహానది', 'దిల్ సే', 'లగాన్', తెలుగులో 'అమృత'గా వచ్చిన 'కన్నత్తిల్ ముత్తమిట్టాల్' సినిమాలకి నాలుగు జాతీయ అవార్డులు అందుకున్నారాయన. 2008 డిసెంబర్ 1న కన్నుమూశారు. అంతకు ముందు తరంలో బొంబాయి రాజ్‌కమల్ కళామందిర్‌లో కూర్చుని మంగేశ్ దేశాయ్ చేసే మిక్సింగ్ కోసమైతే సత్యజిత్ రాయ్ కలకత్తా నుంచి రీళ్లు పట్టుకుని వచ్చేవారు. 1975 నాటి 'షోలే' మిక్సింగ్‌లోనూ దేశాయ్ చెయ్యి ఉంది. 70 ఎంఎం హాల్లో నాణెం ఎగరేసిన చోట, అది తమ సీటు కిందే పడిందేమోనని వంగి చూసినవాళ్లున్నారని ఆ తరం ఇప్పటికీ చెప్పుకుంటుంది.

చప్పుళ్లు పోగుచేయడం ఎవరైనా చేస్తారు. ఏ క్షణాన దేన్ని తీసెయ్యాలో తెలిసినవాడే మిక్సింగ్ ఇంజినీరు. ఇక్కడ చెప్పదలచింది ఇంతే. తక్కినవన్నీ దానికి సాక్ష్యాలు.

మొదట్లో తీసెయ్యడానికి వీలే ఉండేది కాదు. 1931లో అర్దేషిర్ ఇరానీ 'ఆలం ఆరా' తీసేటప్పుడు మాట, పాట, వాద్యం అన్నీ అక్కడికక్కడే రికార్డయ్యేవి. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. రైళ్ల రొద సద్దుమణిగేదాకా ఆగి, అర్ధరాత్రి ఒంటిగంట దాటాక మొదలుపెట్టి నాలుగింటికల్లా సర్దేసేవారు. మైకులు కెమెరాకి కనపడకుండా నటుల దగ్గరదగ్గరే దాచేవారు. ఆ సినిమాకి పనిచేసిన హెచ్.ఎం. రెడ్డే మరుసటేడు తెలుగువాళ్లకి తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' తీశారు. వాద్యగాళ్లు చెట్ల చాటున, సెట్టు గోడల వెనుక నక్కి వాయించిన కాలమది. ఒకరు దగ్గితే మొత్తం టేక్ పోయినట్టే.

రైలు చప్పుడు పడకూడదని ఇరానీ మనుషులు నిద్ర మానుకున్న నలభై ఏళ్లకి, 1972లో, అమెరికాలో ఒకాయన లేని రైలుని వెతికి తెచ్చి పెట్టాడు. ఆయన పేరు వాల్టర్ మర్చ్. సినిమా 'ది గాడ్‌ఫాదర్'. చిన్న ఇటాలియన్ హోటల్లో మాఫియా నాయకుడి కొడుకు మైకేల్ తాను చంపబోయే ఇద్దరితో కలిసి భోజనానికి కూర్చుంటాడు. బాత్‌రూమ్‌లో దాచిన తుపాకి తెచ్చుకుని మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఎదుటివాడు ఇటాలియన్‌లో ఏదో చెబుతున్నాడు, కింద సబ్‌టైటిల్ లేదు. కెమెరా మైకేల్ ముఖం మీదే ఉంది. అప్పుడు ఎక్కడినుంచో పట్టాల మీద ఇనుము ఒరుసుకునే కీచు మొదలై, పెరిగి, చెవుల్ని కోసేస్తుంది. తెర మీద రైలు లేదు, కథలోనూ లేదు. న్యూయార్క్‌లోని ఆ పేటలో వంతెన రైళ్లు తిరుగుతాయి కాబట్టి ప్రేక్షకుడు ప్రశ్న వెయ్యడు. కానీ అతనికి వినపడుతున్నది మైకేల్ తలలోని రొద. ఆ హత్య అంతసేపట్లో సంగీతం ఒక్క స్వరం కూడా లేదు. కాల్చి, తుపాకి జారవిడిచి, బయటికి నడిచాకే నీనో రోటా వాద్యబృందం అందుకుంటుంది. అదే సన్నివేశం మన దగ్గర తీస్తే మైకేల్ కుర్చీలోంచి లేవకముందే డ్రమ్ములు మోగేవని అనుకోవడం అన్యాయం కాకపోవచ్చు.

తెలుగు సినిమాకి తనదైన దారి ఒకటుంది. దానికి కారణం చాలా మామూలుది: కెమెరా మోత. ఏళ్ల తరబడి ఇక్కడ నడిచిన ఆరీ 2సీ కెమెరా తేలిక, గట్టిది, ఎండకీ దుమ్ముకీ తట్టుకునేది. కాకపోతే తిరుగుతున్నంతసేపూ గరగరలాడేది. దాని పక్కన పెట్టిన మైకులో పడిన మాట పనికిరాదు. అందుకని సెట్లో రికార్డయ్యేది గుర్తు కోసం ఉంచుకునే పైలట్ ట్రాక్ మాత్రమే. అసలు మాట డబ్బింగ్ థియేటర్లో పుట్టేది. సన్నివేశాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని చుట్టగా అతికించి తెర మీద తిప్పుతూనే ఉండేవారు. నటుడు పెదాలు చూసుకుంటూ అదే మాటని పదిసార్లు చెప్పేవాడు. ఈ పద్ధతి ఇక్కడ ఒక గొప్ప గాత్రకళని పెంచింది. అటెన్‌బరో 'గాంధీ' తెలుగులోకి వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీకి గొంతు ఇచ్చింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. కమల్ హాసన్ తెలుగు మాటలు ఆయన నోట ఎన్నేళ్లు నడిచాయో చెప్పనక్కర్లేదు.

దానివల్ల పోయిందీ ఉంది. చోటు పోయింది. పొలంలో మాట్లాడినా పడగ్గదిలో మాట్లాడినా మైకుకి జానెడు దూరంలో నోరు పెట్టి చెప్పిన గొంతే. ఆ గొంతుని మళ్లీ పొలంలోకి తీసుకెళ్లడం డైలాగ్ ఎడిటర్ పని.

ఆ పని దగ్గరగా చూస్తే గాని తెలియదు. ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకరి ముఖం మధ్యాహ్నం తీశారు, రెండోవారిది సాయంత్రం. మధ్యాహ్నం షాట్ వెనుక జనరేటర్ గుర్రుమంటోంది, సాయంత్రం షాట్ వెనుక అది లేదు. ఎడిటర్ కత్తిరించిన చోటల్లా గుర్రు వస్తూ పోతూ ఉంటే ప్రేక్షకుడికి కారణం తెలియకుండానే చిరాకు పుడుతుంది. అందుకని డైలాగ్ ఎడిటర్ ఒకరి మాటల్ని ఒక ట్రాక్ మీద, రెండోవారివి ఇంకో ట్రాక్ మీద పరుస్తాడు. ప్రతి ముక్కకీ అటూ ఇటూ కొంచెం తోక వదిలి, ఒకదాని తోక మీదికి ఇంకొకదాని తల వచ్చేలా కలుపుతాడు. మాటకీ మాటకీ మధ్య ఆ గది తాలూకు ఖాళీ చప్పుడు నింపుతాడు. దాన్నే రూమ్ టోన్ అంటారు. షూటింగ్‌లో అందర్నీ కదలకుండా నిలబెట్టి అరనిమిషమో నిమిషమో ఉత్త గదిని రికార్డు చేసుకునేది ఇందుకే. యూనిట్లో ఎవరికీ నచ్చని నిమిషం అది. లైట్లు కాలుతుంటాయి, బాటా లెక్క పెరుగుతుంటుంది, సౌండ్ మనిషి ఒక్కడే హెడ్‌ఫోన్లో ఏదో వింటుంటాడు. ఆ నిమిషం ఇవ్వకపోతే రేపు ఒక మాటలో పాడైన అక్షరాన్ని వేరే టేక్ నుంచి తెచ్చి అతికించినప్పుడు అతుకు బయటపడుతుంది.

నిశ్శబ్దం కూడా ఒక చోటికి చెందిన చప్పుడేనని సింగీతం శ్రీనివాసరావు ఒక జోక్‌తో చెప్పేశారు. 1987లో వచ్చిన 'పుష్పక విమానం'లో ఒక్క మాట లేదు. కాబట్టి దాని బరువంతా ఎఫెక్ట్స్ మీదా ఎల్. వైద్యనాథన్ సంగీతం మీదా పడింది. అందులో నిరుద్యోగి కమల్ హాసన్ సినిమా హాలు పక్కనే ఉన్న ఇరుకు గదిలో బతుకుతుంటాడు. రోజూ రాత్రి తెర మీది ఫైటింగ్ మోత మధ్యే నిద్రపోవడం అలవాటు. వేషం మార్చుకుని పెద్ద హోటల్ గదిలో చేరాక మెత్తటి పరుపు మీద నిద్ర పట్టదు. చివరికి వెళ్లి ఆ హాలు రొదని టేపులో పట్టుకొచ్చి, హోటల్ గదిలో వేసుకుని పడుకుంటాడు. రూమ్ టోన్ అంటే ఏమిటో విద్యార్థులకి చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఇంకో భాషలో దొరకడం కష్టం.

మాటలయ్యాక అడుగులు. తెర మీద మనిషి నడుస్తుంటే వేరే గదిలో ఇంకో మనిషి బొమ్మ చూస్తూ నడుస్తాడు. ఇసుక, రాయి, చెక్క, ఎండుటాకులు పరిచిన గళ్లల్లో, పక్కన జతలు జతలుగా చెప్పులు పెట్టుకుని. చీర కుచ్చెళ్ల రాపిడి, గాజుల చప్పుడు, టీ గ్లాసు బల్ల మీద పెట్టిన టక్కుమనే శబ్దం అన్నీ అక్కడే పుడతాయి. హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో 1920ల చివర ఈ పద్ధతి నెలకొల్పిన జాక్ ఫోలీ పేరే ఆ పనికి స్థిరపడిపోయింది. మంచి ఫోలీ కళాకారుడు అడుగు వేసే ముందు ఆ పాత్ర బరువు ఎంత, చెప్పు అరిగిందా, అప్పులవాడు వెనక వస్తున్నాడా అని ఆలోచిస్తాడు.

ఇక్కడి నుంచి తీసివేతల లెక్క మొదలవుతుంది. 1971 నాటి 'టీహెచ్ఎక్స్ 1138'లో మర్చ్‌కి మరపోలీసుల అడుగులు పెట్టాల్సి వచ్చింది. ఒక రోబో నడిస్తే ప్రతి అడుగూ బొమ్మతో కలవాలి. ఇద్దరు నడిచినా అంతే. ముగ్గురయ్యేసరికి ఆయనకి ఒక వింత తెలిసింది: అడుగులు బొమ్మతో కలవకపోయినా ఎవరూ పట్టించుకోరు. చెవి ఇద్దరి దాకా విడివిడిగా లెక్కపెడుతుంది, ముగ్గురైతే గుంపు అనేసుకుంటుంది. దీనికి ఆయన పెట్టుకున్న పేరు రెండున్నర సూత్రం. ఇంటి దగ్గర పరీక్షించి చూడదగ్గ సంగతే. ఇద్దరు ఒకేసారి ఫోన్లో మాట్లాడుతుంటే కష్టమ్మీద ఇద్దర్నీ అనుసరించవచ్చు. మూడో గొంతు కలిస్తే ముగ్గురూ పోతారు.

ఆ సూత్రానికి అగ్నిపరీక్ష 1979లో వచ్చింది. కపోలా 'అపొకలిప్స్ నౌ'లో హెలికాప్టర్ల దళం లౌడ్‌స్పీకర్లలో వాగ్నర్ సంగీతం మోగించుకుంటూ వియత్నాం ఊరి మీద పడే రీలు. ఆ ఒక్క భాగానికి 175కి పైగా ట్రాకులు తయారయ్యాయి. అన్నిటినీ ఒకేసారి కన్సోల్ మీద పెట్టడం మనిషి వల్ల కాదు. కాబట్టి ముందు ఆరు గుంపులుగా ప్రీమిక్స్ చేశారు: మాటలు, హెలికాప్టర్లు, వాగ్నర్, చిన్న తుపాకులు, పేలుళ్లు, చివరికి అడుగులూ ఫోలీ. ఒక్కో గుంపూ విడిగా వింటే అద్భుతం. ఆరింటినీ కలిపి వింటే రొద. మర్చ్ ఒక్కోటీ తీసి చూసుకుంటూ పోయాడు. ఐదు ఉంటే నిలబడుతుంది, ఆరోది చేరగానే కూలిపోతుంది. ఆ ఐదైనా ఎందుకు నిలిచాయంటే అవి ఒకే జాతివి కావు. మాట ఒక కొస, సంగీతం ఇంకో కొస, తక్కినవి మధ్యలో ఎక్కడో సర్దుకున్నాయి. అయిదూ మాటలే అయితే రెండున్నర దగ్గరే ఆగిపోయేవి.

అంటే ప్రతి క్షణం ఎవరో ఒకరు బయట నిలబడాలి. ఒక చోట కుర్ర సైనికుడు భయంతో తాను దిగనని అరుస్తాడు. అక్కడ ఏది తీసేశారు? వాగ్నర్‌ని. ఆ రీలుకే ప్రాణం, ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న సంగీతం. ఆ కాస్తసేపు అది లేదు. షాట్ మారగానే మళ్లీ వచ్చేస్తుంది. చూసినవాళ్లలో ఎవర్నడిగినా సంగీతం ఆగనే లేదంటారు. చెవి దాన్ని లోపల మోగించుకుంటూనే ఉంటుంది కాబట్టి. ఆ సినిమాకి మర్చ్‌తో పాటు మార్క్ బర్గర్, రిచర్డ్ బెగ్స్, నాట్ బాక్సర్ ఆస్కార్ అందుకున్నారు. హాలు వెనుక గోడల్ని కూడా కుడి ఎడమలుగా విడదీసిన ఆ 70 ఎంఎం అమరికే ఇవాళ ఇంటింటా ఉన్న 5.1కి మూలం.

హైదరాబాద్ పెద్ద హాళ్లలో వెనుక వరుసవాళ్లకి తెలియని చిన్న సంగతి ఒకటి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళ్తుంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. అంటే ఒక ఫ్రేము గడిచేలోపు శబ్దం నడిచేది 14 మీటర్లు. తెరకి ముప్పై మీటర్ల దూరాన బాల్కనీలో కూర్చున్నవాడికి ప్రతి మాటా రెండు ఫ్రేములు ఆలస్యంగానే అందుతుంది. ఎడిటర్లు ఒక్క ఫ్రేము కోసం గంటలు పోట్లాడుకుంటారు. బాల్కనీవాడు ఈల వేసుకుంటాడు.

తీసివేతకి తోబుట్టువు లాంటిది మార్పిడి. దానికి ఉదాహరణ కూడా మర్చ్ దగ్గరే దొరుకుతుంది. 1974 నాటి 'ది కాన్వర్జేషన్' కథ మొత్తం దొంగచాటుగా రికార్డు చేసిన ఒక సంభాషణ చుట్టూ తిరుగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో కూడలిలో ఒక జంట మాట్లాడుకుంటుంటే దూరం నుంచి పట్టిన టేపు అది. అవకాశం దొరికితే వాడు మనల్ని చంపేస్తాడు అన్న అర్థం వచ్చే మాట అందులో ఉంది. చంపేస్తాడు మీద ఊనిక పెట్టి చెబితే వాళ్లు బాధితులు. మనల్ని మీద ఊనిక పెడితే వాళ్లే హంతకులు. మాటలు స్పష్టంగా ఉండాలని మర్చ్ నటులిద్దర్నీ ప్రశాంతమైన చోటికి తీసుకెళ్లి మళ్లీ రికార్డు చేసినప్పుడు, నటుడు ఒక టేక్‌లో ఊనిక మార్చి పలికాడు. తప్పు టేక్ అని పక్కన పెట్టేశారు. చాన్నాళ్లకి మిక్సింగ్‌లో, కథ మలుపు ప్రేక్షకుడికి అందడం లేదని తలపట్టుకున్నప్పుడు ఆ టేక్ గుర్తొచ్చింది. చివర్లో, ఆ టేపు పట్టిన జీన్ హ్యాక్‌మన్ పాత్ర అదే టేపుని మళ్లీ తలుచుకునే చోట మొదటి పలుకు తీసేసి దాన్ని పెట్టారు. ఒక్క ఫ్రేము కొత్తగా తియ్యకుండా కథ తిరగబడింది.

ఇక మన గోల: హాల్లో మాటలు వినపడవు. మాటలు ఎక్కువగా వచ్చేది తెర వెనుక మధ్య స్పీకర్లోంచి. శబ్దం బయటికి రావడానికి తెరకి సన్నటి చిల్లులుంటాయి. ఆ స్పీకర్ నీరసించినా, సంగీతం దాన్ని కమ్మేసినా మాట పోతుంది. హల్లుల్ని విడదీసి చెవికి చెప్పే పౌనఃపున్యాలు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్‌ల చుట్టూ ఉంటాయి. వయొలిన్ల గుంపూ, తాళాలూ, ఎలక్ట్రిక్ గిటారూ వచ్చి కూర్చునేది సరిగ్గా అక్కడే. ఇది మన ఒక్కళ్ల జబ్బు కాదు. 2014లో 'ఇంటర్‌స్టెల్లార్' చూసిన అమెరికన్లు కూడా మాటలు వినపడలేదని గొడవ చేశారు. కావాలనే అలా మిక్స్ చేయించానని నోలన్ సమర్థించుకున్నాడు. ఆయనది ఎంపిక. తప్పో ఒప్పో, దానికి ఆయనే జవాబుదారీ. మన దగ్గర చాలాసార్లు అది ఎంపిక కూడా కాదు. ఆర్ఆర్, అంటే నేపథ్య సంగీతం, ఆఖరి వారంలో వస్తుంది, సంగీత దర్శకుడి మనిషి కన్సోల్ పక్కన నిలబడి ఇంకొంచెం అంటాడు, హీరో ఎలివేషన్ తగ్గిందేమోనని దర్శకుడికి బెంగ.

దీనికి తోడు వాల్యూమ్ పేచీ ఇంకొకటి. మిక్సింగ్ థియేటర్లో స్పీకర్లని 85 డెసిబెల్స్ కొలతకి సరిచూసి, డాల్బీ యంత్రం మీద 7 అంకె దగ్గర పెట్టి వింటారు. హాల్లో ఎవరో చెవులు పోతున్నాయన్నారని ఆపరేటర్ దాన్ని 5కి దించుతాడు. దించాడని తెలిసి తర్వాతి సినిమావాళ్లు ఇంకా గట్టిగా మిక్స్ చేస్తారు. ఆపరేటర్ ఇంకా దించుతాడు. ఈ తాడులాగుడులో ముందు చచ్చేది గుసగుస.

పాన్ ఇండియా కాలంలో పని పెరిగింది. 2015లో 'బాహుబలి' తెలుగు, తమిళాల్లో తీసి, హిందీ, మలయాళాల్లోకి డబ్ చేశారు. పి.ఎం. సతీశ్ దానికి సౌండ్ డిజైన్ చేశారు. 2022లో 'ఆర్ఆర్ఆర్' ఐదు భాషల్లో ఒకేసారి దిగింది. ఇలాంటి వాటికి మాటలు తీసేసి సంగీతం, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ట్రాక్ ఒకటి సిద్ధం చెయ్యాలి. దాన్ని ఎమ్ అండ్ ఈ అంటారు. షూటింగ్‌లోనే మాటని పట్టే సింక్ సౌండ్‌లో తీస్తే మాట తీసేసినప్పుడు దానితో పాటు అడుగు, గాజు, కుర్చీ కిర్రు కూడా పోతాయి. అన్నీ ఫోలీలో మళ్లీ పుట్టించాలి. డబ్బింగ్‌కి అలవాటుపడిన మన పరిశ్రమ ఈ విషయంలో ఒక మెట్టు ముందుంది, ఎలాగూ అన్నీ కొత్తగానే చేసుకుంటుంది కాబట్టి. అయితే తెలుగు వాక్యం ఆగిన చోట హిందీ వాక్యం ఆగదు. మాట కోసం సంగీతాన్ని తగ్గించిన చోట్లన్నీ ప్రతి భాషకీ మళ్లీ చూసుకోవాలి.

బాగా చేసిన డబ్బింగ్ నిపుణుల్ని కూడా బోల్తా కొట్టిస్తుంది. 68వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ లొకేషన్ సౌండ్ పురస్కారం కన్నడ చిత్రం 'డొల్లు'కి ప్రకటించారు. ఆ సినిమాకి పనిచేసిన సౌండ్ డిజైనరే ముందుకొచ్చి, అది సింక్ సౌండ్ కాదు, డబ్ చేసిన సినిమా అని బయటపెట్టారు. 'స్లమ్‌డాగ్ మిలియనేర్'కి ముంబయి వీధుల్లో సింక్ సౌండ్ పట్టి 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి కూడా దాని మీద గళమెత్తారు. జ్యూరీని తప్పుపట్టాల్సిందే. కానీ ఏ గదిలోనో కూర్చుని ఆ పల్లె గాలిని మళ్లీ పుట్టించిన చేతుల్ని మెచ్చుకోవడం ఎవరికీ తోచలేదు.

థియేటర్ పని ముగిశాక ఓటీటీ కోసం ఇంకో మిక్స్ మిగులుతుంది. చిన్న స్పీకర్లు పెట్టుకుని, దగ్గరగా కూర్చుని, గట్టి చప్పుళ్లకీ మెల్లటి వాటికీ మధ్య దూరం తగ్గించి చేసే మిక్స్ అది. అక్కడ వాల్యూమ్ ఎవరి ఇష్టానికీ వదలరు. నెట్‌ఫ్లిక్స్ లౌడ్‌నెస్ కొలత మైనస్ 27, అటూ ఇటూ రెండు. ఆ కొలత తీసేది కూడా సినిమా మొత్తానికి కాదు, మాటలున్న చోట్లకి. మాట ఆ గీత మీద నిలబడాలి, సంగీతం దాన్ని చూసుకుని తన చోటు వెతుక్కోవాలి. థియేటర్లో రెండుసార్లు చూసినా అందని డైలాగు ఇంట్లో సోఫా మీద మొదటిసారే తెలియడానికి సగం కారణం ఇది. మిగతా సగం సబ్‌టైటిల్స్.